మందు తగ్గింది కదా అని ధీమా వద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో షూటింగ్ క్రీడ మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. తుపాకీ అనగానే సినిమా కథ చెప్పకుండా, ఆటను ఆటలాగే చూసి రాసినందుకు సంతోషించాను. కానీ మూడో కాలమ్‌లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. మాగ్నమ్ అనే ఎక్కువ బలమున్న తూటాలు పేల్చే రివాల్వర్‌తో టార్గెట్ ప్రాక్టీస్ చేసేవాళ్ళు కొందరు తూటాలు సొంతంగా నింపుకుంటారని, వాటిలో తుపాకిమందు చాలా తక్కువ వేస్తారు కాబట్టి ఆ పనిలో ప్రమాదం ఏమంత ఉండదని రాశారు. మొదటి సగం నిజం. రెండో సగం నమ్మి ఎవరైనా తూటాలు నింపే బల్ల ముందు కూర్చుంటే వేళ్ళు పోవచ్చు, కళ్ళు పోవచ్చు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. దయచేసి కత్తిరించకుండా వేయండి.

నేను ముప్పై నాలుగేళ్ళు ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైనదాన్ని. తొమ్మిదేళ్ళుగా .357 మాగ్నమ్ రివాల్వర్‌కి మైల్డ్ లోడ్, అంటే తక్కువ బలంతో పేలే తూటాలు నేనే నింపుకుంటున్నాను, లైసెన్సుతో, చట్టం ఒప్పుకున్న మేరకు. ఆ రెండూ లేనివాళ్ళు ఈ పని జోలికే పోకూడదు. ఉద్యోగంలోనూ ఈ బల్ల దగ్గరా నా నోట్లో నానే మాటలు ఒకటే: మందు, మోతాదు, తూకం. మోతాదు ఎక్కువైతేనే ముప్పు, తక్కువైతే ఏం కాదులెండి అనే మాట మందుల కౌంటర్ దగ్గర రోజూ వినేదాన్ని. విన్న ప్రతిసారీ ఆగి, వివరంగా చెప్పి పంపేదాన్ని. ఇప్పుడు అదే మాట అచ్చులో కనబడితే ఊరుకోబుద్ధి కాలేదు.

అసలు మందు ఎందుకు తగ్గిస్తామో ముందు చెప్పాలి.

ఆ రివాల్వర్ మావారిది. ఆయన పోయాక కాగితాలన్నీ నా పేరు మీదికి మారేసరికి ఏడాది పట్టింది. మొదటిసారి షూటింగ్ రేంజ్‌కి వెళ్ళినప్పుడు పెట్టెలో మిగిలి ఉన్నవి ఆయన వాడే పూర్తి బలం తూటాలే. మొదటి గుండు టార్గెట్ కాగితం అంచుకి తగిలింది. రెండోది కాగితానికే తగల్లేదు. ఆరూ అయ్యేసరికి బొటనవేలి మొదట్లో చర్మం కందిపోయింది. మణికట్టు రెండు రోజులు సలిపింది. నాకు చూపు తగ్గిందేమో, వయసు మీద పడింది కదా, ఇది నా వల్ల అయ్యే పని కాదేమో అనుకున్నాను.

రేంజ్‌లో మాకు నేర్పే మాస్టారు అప్పుడేమీ అనలేదు. మరుసటి వారం నా చేతిలోంచి రివాల్వర్ తీసుకుని, అటు తిరిగి తూటాలు పెట్టే సిలిండర్ నింపి ఇచ్చారు. ఆరు అరల్లో మూడింట్లో పేలే తూటాలు, మూడింట్లో మందూ, దాన్ని అంటించే ప్రైమరూ లేని డమ్మీలు. ఏది ఎక్కడుందో నాకు తెలియదు. ట్రిగ్గర్ నొక్కాను. డమ్మీ మీద సుత్తి టక్కుమని పడింది. పేలుడు లేదు, తన్ను లేదు. అయినా బ్యారెల్ మూతి జానెడు కిందికి వంగిపోయింది. తన్ను వస్తుందన్న భయంతో నా చెయ్యి ముందే దాన్ని కిందికి తోసేస్తోందన్నమాట. "చూశారా అమ్మా, మీ కన్ను బాగానే ఉంది. చేతికే భయం పట్టింది. ముందు దాన్ని వదిలించాలి" అన్నారు. ఆ భయం పెద్ద తూటాలతో వదలదు. ఇంకా ముదురుతుంది. మైల్డ్ లోడ్ అవసరం నాకు అక్కడ మొదలైంది.

లెక్క చూస్తే మాస్టారి మాట ఇంకా బాగా అర్థమవుతుంది. 158 గ్రెయిన్ల బరువున్న గుండు సెకనుకు 1,250 అడుగుల వేగంతో పోయే మాగ్నమ్ తూటానీ, 148 గ్రెయిన్ల గుండు సెకనుకు 700 అడుగులతో పోయే టార్గెట్ తూటానీ పక్కపక్కన పెట్టుకోండి. గుండు బరువుని వేగంతో గుణిస్తే మొదటిది రెండోదానికి దాదాపు రెట్టింపు వస్తుంది. అదే రివాల్వర్ చేతిని తన్నే శక్తి ఆ లబ్ధం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి సుమారు నాలుగింతలవుతుంది. ఎక్కువ మందు నుంచి ఎగజిమ్మే వాయువుల తోపు కూడా కలిస్తే ఇంకాస్త ఎక్కువే. దానికి తోడు చప్పుడు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు. మాగ్నమ్ గుండు దాన్ని దాటి పోతుంది గనక పేలుడు మోత మీద కొరడా ఝళిపించినట్టు ఇంకో చప్పుడు కలుస్తుంది. మైల్డ్ లోడ్‌కి ఆ రెండో చప్పుడు ఉండదు. చెవులకి రక్షణ మాత్రం రెండింటికీ ఉండాల్సిందే.

టార్గెట్ పనికి వాడే గుండు కూడా వేరే. దాన్ని వాడ్‌కట్టర్ అంటారు. ముందు వైపు కోసుగా ఉండదు, బిళ్ళలా చదునుగా ఉంటుంది. చూడ్డానికి చిన్న సీసపు కడ్డీ ముక్కలా ఉంటుంది. కాగితానికి తగిలితే పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు గుండ్రటి రంధ్రం పడుతుంది. గీత తెగిందా లేదా అని పాయింట్ల దగ్గర వాదన ఉండదు. అంతర్జాతీయ పోటీల నియమాల్లో 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ విభాగానికి 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల కాలిబర్ వాడొచ్చు గానీ మాగ్నమ్ తూటాలకి అనుమతి లేదు. అక్కడ పది పాయింట్ల వలయం అడ్డంగా 50 మిల్లీమీటర్లు. ఆ దూరం నుంచి అది ఎంత చిన్నగా కనబడుతుందో నిలబడి చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఆ పని బలంతో జరిగేది కాదు, ఓపికతో జరిగేది. నేను పోటీలకి వెళ్ళను. ఆ కాగితాన్నే నా ముందు పెట్టుకుని నాతో నేనే పోటీ పడతాను.

ఇక మీరు ప్రమాదం లేదన్న చోటికి వస్తాను. మందు పోసి పైన గుండు కూర్చోబెట్టే ఇత్తడి గొట్టాన్ని కేసు అంటారు. చిక్కంతా ఆ కేసు లోపలి ఖాళీలో ఉంది.

.38 స్పెషల్ అనే తూటా 1898 నాటిది. అప్పటికి నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) రోజులు పూర్తిగా పోలేదు. ఆ మందుకి చోటు ఎక్కువ కావాలి గనక ఇత్తడి కేసుని పొడుగ్గా చేశారు. తర్వాత వచ్చిన పొగలేని మందుకి అందులో కొద్దిపాటి చోటు చాలు. 1935లో .357 మాగ్నమ్ వచ్చినప్పుడు ఆ కేసునే ఇంకో 0.135 అంగుళం, అంటే దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు పొడిగించారు. ఎందుకంటే మాగ్నమ్ తూటాకి అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, .38 స్పెషల్‌కి 17,000 పౌండ్లు. పొరపాటున కూడా ఆ బలమైన తూటా పాత .38 రివాల్వర్ల అరల్లో పట్టకూడదని ఆ పొడుగు. మంచి ఆలోచన. కానీ మాలాంటివాళ్ళు ఆ పొడుగు కేసులోనే చిటికెడు మందు వేసి వాడుకుంటాం. అప్పుడు లోపలంతా ఖాళీయే.

చిటికెడు అని ఊరికే అనలేదు. ఒక గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు. టార్గెట్ లోడ్‌లో త్వరగా మండే మందు మూడు గ్రెయిన్ల చుట్టుపక్కల పడుతుంది, అంటే గ్రాములో అయిదో వంతు. పాతకాలంలో బంగారం తూచిన గురివింద గింజలు రెండు వేస్తే వాటి బరువుకి కూడా రాదు. నా కేసులో అది అడుగున అర సెంటీమీటరు ఎత్తున ఉంటుంది. కేసు పొడుగు మూడు సెంటీమీటర్లు దాటి ఉంటుంది.

ఇప్పుడు పొరపాటున అదే కేసులో రెండోసారి మోతాదు పడిందనుకోండి. సెంటీమీటరు ఎత్తు అవుతుంది, అంతే. పైకి పొంగదు, బల్ల మీద ఒలకదు. ఇంకో మోతాదు పడినా పొంగదు. పైన గుండు బుద్ధిగా కూర్చుంటుంది. బయట నుంచి చూస్తే పెట్టెలోని మిగతా తూటాలకీ దానికీ వెంట్రుకవాసి తేడా కనబడదు. అదే పూర్తి బలం మాగ్నమ్‌కి వాడే నెమ్మది మందైతే ఒక్క మోతాదుకే కేసు గుండు అడుగు దాకా నిండిపోతుంది. రెండోసారి వేస్తే ఒలికి బల్లంతా పడి, నువ్వు తప్పు చేశావని తనే చెప్పేస్తుంది. అంటే ఈ ఒక్క విషయంలో పెద్ద తూటాయే నింపేవాళ్ళని కాపాడుతుంది, మెత్తటి తూటా కాపాడదు. మీ వ్యాసం రాసినవారికి ఎవరూ ఈ సంగతి చెప్పి ఉండరు. చెప్పి ఉంటే ఆ వాక్యం రాసేవారు కారు.

నాకు జరిగింది చెబుతాను. అయిదేళ్ళ కిందటి మాట.

అప్పటికి చెయ్యి తిరిగిందన్న నమ్మకం వచ్చింది. మందు పోసే కొలత యంత్రం బల్ల అంచుకి బిగించి, పిడి పైకెత్తి దించితే ఒక మోతాదు పడేలా సరిచేసుకున్నాను. మొదటి అయిదూ తూచాను, సరిగ్గా ఉన్నాయి. ఇక వరసగా యాభై నింపాను. నేను వాడే మందు చిన్న చిన్న రేకుల్లా ఉంటుంది. అలాంటి రేకులు సన్నటి గొట్టంలోంచి జారేటప్పుడు ఒక్కోసారి అడ్డంగా ఇరుక్కుని వంతెనలా నిలబడిపోతాయి. అప్పుడు కింద ఉన్న కేసులో దాదాపు ఏమీ పడదు. తర్వాతి కేసు పెట్టి పిడి దించగానే ఆ కుదుపుకి వంతెన కూలి, మిగిలిపోయిందీ కొత్తదీ కలిసి పడతాయి. ఇది జరుగుతుందని పుస్తకంలో చదివాను. నా బల్ల మీద జరిగినప్పుడు గుర్తుపట్టలేదు. నింపిన కేసు నింపినట్టే తీసి గుండు కూర్చోబెట్టేస్తున్నాను మరి, లోపలికి చూసిందెప్పుడు?

రేంజ్‌లో మూడు సిలిండర్లు బాగా పేలాయి. పద్దెనిమిది రంధ్రాలు, చాలావరకు నల్లటి వృత్తంలోనే పడ్డాయి. నాలుగో సిలిండర్లో మొదటిదానికి ట్రిగ్గర్ నొక్కితే 'టుప్' అంది. సీసా బిరడా ఊడినప్పుడు వచ్చేపాటి చప్పుడు. నేను లయలో ఉన్నాను. వేలు అప్పటికే రెండోసారి బిగుస్తోంది. వెనక నుంచి మాస్టారు గట్టిగా అరిచారు, "అమ్మా, వేలు తీయండి! మూతి అటే ఉంచండి, కదలొద్దు!" తొమ్మిదేళ్ళలో ఆయన గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

ఆలస్యంగా పేలే తూటాలు కూడా ఉంటాయి గనక టార్గెట్ వైపు చూపిస్తూ చాలాసేపు అలాగే నిలబడ్డాను. చేతులు వణికాయి. తర్వాత సిలిండర్ తెరిచి అన్నీ బయటికి తీశాం. మాస్టారు బ్యారెల్‌లో ఇత్తడి కడ్డీ పెట్టి చూస్తే చివరిదాకా పోకుండా ఆగింది. గుండు బ్యారెల్ మొదట్లో ఇరుక్కుపోయి ఉంది. మందు లేకుండా ఒట్టి ప్రైమర్ బలానికి అక్కడి దాకా వెళ్ళి ఆగిపోయిందది. దాని వెనక ఇంకో తూటా పేలి ఉంటే బ్యారెల్ ఉబ్బేది, లేదా చీలేది.

మిగిలిన తూటాలు ఇంటికి తెచ్చాను. పేలనివి ముప్పై ఒకటి. తూచి తేడా పట్టుకోవచ్చనుకున్నాను, తూకం నా వృత్తి కదా. పట్టుబడలేదు. ఇత్తడి కేసులకే ఒకదానికీ ఇంకోదానికీ నాలుగైదు గ్రెయిన్ల తేడా ఉంది. గుండ్లలోనూ కొంత తేడా ఉంటుంది. నేను వెతుకుతున్న మందు మొత్తం బరువే మూడు గ్రెయిన్లు. నిండు తూటాని తూచి లోపల మందు ఎంతుందో చెప్పడం కుదరదని ఆ రాత్రి నాకు బాగా ఎక్కింది. ఇక గుండ్లు ఊడదీయడమే దారి. దానికి ప్లాస్టిక్ సుత్తి లాంటి పనిముట్టు ఉంటుంది. తూటాని దాని తలలో తలకిందులుగా బిగించి గట్టి చెక్క మీద కొడితే, గుండూ మందూ తల లోపలి గుంటలోకి జారతాయి. సిలిండర్లోంచి తీసిన అయిదింటినీ మాస్టారు విడిగా ఒక కవర్లో వేసి ఇచ్చారు. ముందు అవే తీశాను. మొదటి రెండూ సరిగ్గా ఉన్నాయి. మూడోదాని మందు తక్కెడ పళ్ళెంలో పోస్తుంటేనే తెలిసిపోయింది. నేను రాసి పెట్టుకున్న మోతాదుకి దాదాపు రెట్టింపు.

అంటే ఇరుక్కున్న గుండు ఉన్న బ్యారెల్ వెనక, అదే సిలిండర్లో, రెట్టింపు మందున్న తూటా ఒకటి కూర్చుని ఉంది. మాస్టారు అరవకపోతే మిగతాది నేను చెప్పక్కర్లేదు. ఆ రాత్రి మిగిలినవన్నీ ఊడదీసేసరికి ఒంటిగంట అయింది. ఇంకెందులోనూ తేడా లేదు. ఆ తర్వాత నాలుగు నెలలు ఆ బల్ల దగ్గరికి వెళ్ళలేదు.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పద్ధతి మొత్తం మార్చాను. ఇప్పుడు నా దగ్గర యాభై గుంటలున్న చెక్క పలకలు రెండున్నాయి. మొదటి పలకలో ఖాళీ కేసులన్నీ తలకిందులుగా ఉంటాయి. ఒక్కొక్కటీ తీసి, తిప్పి, మందు పోసి, రెండో పలకలో నిలబెడతాను. తలకిందులుగా ఉన్నదానిలో మందు ఉండే అవకాశమే లేదు గనక ఒకే కేసులో రెండుసార్లు పోయడం జరగదు. ప్రతి పదో మోతాదూ తూస్తాను. యాభై అయ్యాక గది లైటు ఆపేసి, టార్చ్ వేసి, ఒక్కో వరసలోకీ పైనుంచి వంగి చూస్తాను. ఈ చూడటమే అసలు పని. పది కేసులు వరసగా ఉన్నప్పుడు ఒకదానిలో మందు ఎత్తు ఎక్కువున్నా తక్కువున్నా కంటికి ఇట్టే తెలిసిపోతుంది. ఎత్తు అన్నింటిలో ఒక్కటిగా కనబడితే తప్ప ఒక్క గుండు కూడా కూర్చోబెట్టను. మధ్యలో ఫోన్ మోగినా, ఎవరైనా తలుపు తట్టినా, చేతిలో ఉన్న కేసులోని మందు డబ్బాలో పోసేసి లేస్తాను. టీవీ, పాటలు, పక్కన కబుర్లు ఏవీ ఉండవు.

చోటు ఎక్కువ ఆక్రమించే తేలిక మందు వాడుకోవడం ఇంకో మార్గం. ట్రైల్ బాస్ అనే మందు అలాంటిదే. నడుమ చిల్లున్న చిన్న చిన్న ఉంగరాల్లా ఉంటుంది, అందుకే తక్కువ బరువుకే కేసు చాలా భాగం నిండుతుంది. అది అన్నివేళలా దొరకదు గానీ, దొరికితే కొత్తవాళ్ళకి మంచిది.

కచ్చితమైన మోతాదు ఎంతో ఈ ఉత్తరంలో కావాలనే రాయడం లేదు. మందు తయారుచేసే కంపెనీలు ప్రతి గుండు రకానికీ విడివిడిగా పట్టికలు ఇస్తాయి. వాటిలో చూసుకోవాలి, మొదలు అంకె నుంచి మొదలుపెట్టాలి. ఒకే బరువున్న గుండే కదా అని ఒకదాని లెక్క ఇంకోదానికి వాడకూడదు. వాడ్‌కట్టర్ కేసు లోపలికి పూర్తిగా దిగిపోయి కూర్చుంటుంది, కోసు గుండు బయటికి ఉంటుంది. గుండు ఎంత లోతుకి దిగితే మందుకి మిగిలే చోటు అంత తగ్గి, పీడనం అంత పెరుగుతుంది.

పట్టికలో ఉన్న కనీసం కంటే కిందికి దిగితే ఇంకా మెత్తగా ఉంటుంది కదా అని కొందరు అడుగుతారు. మీ వ్యాసం చదివినవాళ్ళు తప్పకుండా అడుగుతారు. వద్దు. రివాల్వర్‌లో సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది, కొంత వాయువు అందులోంచే పోతుంది. మందు మరీ తక్కువైతే మిగిలిన బలం గుండుని బ్యారెల్ దాటించడానికి చాలదు. రాగి తొడుగున్న గుండైతే సీసపు గుండు కంటే ఎక్కువ పట్టుకుంటుంది గనక ఇంకా త్వరగా ఇరుక్కుంటుంది. అందుకే మైల్డ్ లోడ్‌కి సీసం వాడతాం. మరీ బలహీనమైన తూటాలతో ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రైమర్ వెనక్కి జరిగి అలాగే ఉండిపోతుంది, తగినంత పీడనం లేక కేసు వెనక్కి వచ్చి దాన్ని మళ్ళీ లోపలికి నొక్కదు. సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది.

నెమ్మది మందుల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. పూర్తి బలం మాగ్నమ్‌కి పేరున్న హెచ్110, వించెస్టర్ 296 మందుల గురించి హాడ్జ్‌డన్ కంపెనీ తన పట్టికల దగ్గరే హెచ్చరించింది: రాసిన మోతాదు నుంచి మూడు శాతానికి మించి తగ్గించవద్దని. అలాంటి మందు ఉంది కదా, సగం వేసుకుంటే మైల్డ్ లోడ్ అయిపోతుంది కదా అనుకోవడం చాలా తేలిక. అది సరిగా అంటుకోక గుండుని మధ్యలో వదిలేస్తుంది. మైల్డ్ లోడ్ అంటే పెద్ద తూటాలోంచి మందు తీసేయడం కాదని కొత్తవాళ్ళకి మొదటిరోజే చెప్పాలి. దాని మందు వేరు, గుండు వేరు, లెక్క వేరు.

కేసులో ఖాళీ ఉంటే గురి మీద కూడా ప్రభావం ఉంటుంది. వేగం కొలిచే యంత్రం ముందు నేనే చూశాను. పేల్చేముందు మూతి కిందికి వంచి నెమ్మదిగా పైకి తెస్తే మందు గుండు వైపు చేరుతుంది. మూతి పైకెత్తి దించితే ప్రైమర్ వైపు చేరుతుంది. రెండో పద్ధతిలో గుండు స్పష్టంగా వేగంగా పోయింది, రెండు తూటాలూ ఒకే పెట్టెలోవి, ఒకే రాత్రి నింపినవి. ప్రతిసారీ ఒకే రకంగా చెయ్యి ఎత్తాలని మాస్టారు ఎందుకు పోరుతారో ఆ అంకెలు చూశాక తెలిసింది.

ఇంత బాధ ఎందుకు, పొట్టి .38 స్పెషల్ తూటాలే మాగ్నమ్ రివాల్వర్‌లో పెట్టి కాల్చొచ్చు కదా అంటే, కాల్చొచ్చు. సరిగ్గా పడతాయి, చాలామంది అదే చేస్తారు. కాకపోతే ఆ పొట్టి కేసు మూతి దగ్గర అర లోపల మసీ సీసమూ కలిసి ఉంగరంలా పేరుకుంటాయి. కడగకుండా ఆ తర్వాత పొడుగు మాగ్నమ్ తూటా పెడితే బిగుసుకుపోతుంది. అందుకని నేను మాగ్నమ్ కేసులే వాడతాను. దానికి నేను చెల్లించే మూల్యం ఏమిటంటే, మావారి పాత పూర్తి బలం తూటాలూ నా మెత్తటి తూటాలూ పక్క నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. కాబట్టి నా ప్రతి పెట్టె మీదా గుండు, మందు పేరు, మోతాదు, ప్రైమర్, నింపిన తేదీ రాసిన చీటీ ఉంటుంది. చీటీ ఊడిపోయిన పెట్టె కనబడితే అందులోవి కాల్చను, ఊడదీస్తాను. నేను నింపినవి ఎవరికీ ఇవ్వను, ఎవరు నింపినవీ పుచ్చుకోను. మాస్టారు అడిగినా ఇవ్వను. ఆయన అడగరు కూడా.

ఒక్క ముక్క సీసం గురించి. కాల్చిన కేసులు శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటుంది. చిన్నపిల్లలకి అది విషం. నా మనవడు వచ్చిన రోజుల్లో ఆ గది తాళం తీయను. పని అయ్యాక చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే వాడిని ఎత్తుకుంటాను.

చివరగా మీ వ్యాసంతో వేసిన ఫోటో. బల్ల మీద రెండు మందు డబ్బాలు పక్కపక్కన, రెండింటికీ మూతలు తీసి ఉన్నాయి. అది ఫోటో కోసమే పెట్టి ఉండొచ్చు. కానీ అలా ఎప్పుడూ పెట్టకూడదు. బల్ల మీద ఒక్క డబ్బా ఉండాలి, పని అయ్యాక మిగిలింది అదే డబ్బాలో పోసి, మూత బిగించి, తీసేశాకే ఇంకోటి తేవాలి. మిగిలిన మందు తప్పు డబ్బాలో పోసినవాళ్ళకి తర్వాత ఏ లెక్కా పనిచేయదు. ఫార్మసీలో మాకు మొదటి వారంలో నేర్పింది కూడా ఇదే: ఒక సీసా మూత పెట్టాకే ఇంకో సీసా మూత తీయాలి.

నా కోరిక ఒక్కటే. ఈ ఉత్తరం మొత్తానికి చోటు లేకపోతే పోనీ, ఆ వాక్యానికి సవరణ వేయండి. లేఖల పేజీలో ఓ మూల వద్దు. వ్యాసం వచ్చిన అనుబంధంలో, ఆ శీర్షిక కిందే వేయండి. మా రేంజ్‌లో కొత్తగా చేరిన ఒక అబ్బాయి మీ వ్యాసం కత్తిరించి తన డైరీలో అంటించుకున్నాడు. తూటాలు నింపే ప్రెస్సు కొనుక్కోవడానికి డబ్బులు కూడబెడుతున్నాడట. నేను చెప్పగలిగింది అతనికి చెప్పాను. అలా కత్తిరించుకున్నవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో, వాళ్ళకి ఆ సవరణ మీ పత్రిక ద్వారానే అందాలి.

ఇట్లు
మీ పాఠకురాలు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు